వారంటీ అయిపోయిన కారు: షోరూంకా, మల్టీబ్రాండ్‌కా, మన షెడ్డుకా?

మా చిన్నాన్న కొడుకు మొన్న గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, కారు వారంటీ పోయిన నెల్లో అయిపోయింది. షోరూం వాళ్లు సర్వీసింగ్‌కి రమ్మని ఒకటే ఫోన్లు. ఆఫీసులో ఒకాయన అన్ని కంపెనీల బండ్లూ చూసే మల్టీబ్రాండ్ గ్యారేజీకి ఇవ్వమంటున్నాడు. నాన్నేమో ఆటోనగర్‌లో మన మేస్త్రి ఉండగా వాళ్లెందుకురా అంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

నేను తిరిగి మూడు ప్రశ్నలు అడిగాను. పెట్రోలా డీజిలా? ఏ సంవత్సరం బండి? రోజుకు ఎంత దూరం తిరుగుతుంది? ఈ మూడూ తెలియకుండా ఎక్కడికి వెళ్లమని చెప్పినా అది గుడ్డి సలహానే. అదే ప్రశ్న చాలామందికి ఉంటుంది కాబట్టి వాడికి చెప్పినదంతా ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది ఇంజన్ గురించి, పొగను శుభ్రం చేసే భాగాల గురించి మాత్రమే. బ్రేకులు, ఏసీ, డెంటింగ్ లెక్కలు వేరే.

## బిల్లు కంటే ముందు చూడాల్సినవి

చాలామంది మొదట చూసేది బిల్లు. నేను దాన్ని ఆఖరున చూస్తాను. ఇంజన్ దగ్గర వంద మిగుల్చుకోబోతే వేలు పోయే సందర్భాలు చాలా ఉన్నాయి.

ప్లగ్గుల సంగతే చూడండి. పెట్రోల్ కారులో ప్లగ్గు అరిగితే మిస్సింగ్ వస్తుంది. అంటే ఆ సిలిండర్‌లో పెట్రోల్ పూర్తిగా కాలకుండానే సైలెన్సర్ వైపు పోతోందన్నమాట. ఆ దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ, దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి లోహాల పూత. కాలని పెట్రోల్ అక్కడికి చేరి, ఆ వేడికి అక్కడే మండుతుంది. అలాగే నడుపుతూ పోతే తేనెపట్టు కరిగి ముద్ద కడుతుంది, పొగ పోయే దారి మూసుకుపోతుంది, బండి లాగడం మానేస్తుంది. ప్లగ్గులు మార్చితే వందల్లోనో, ఇరిడియం రకమైతే కొద్ది వేలల్లోనో తేలిపోయే పని. కన్వర్టర్ దాకా వస్తే ఖర్చు పదుల వేలల్లోకి పోతుంది. మీటర్‌లో ఇంజన్ లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే అది ఈ మిస్సింగ్ హెచ్చరికే. అప్పుడు బండి పక్కకు ఆపడమే మంచిది. ఆరకుండా నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజుల్లో చూపించుకోవచ్చు.

అందుకని ఎక్కడికి వెళ్లినా నేను చూసుకునేవి ఇవి.

ఆయిల్ గ్రేడు. మాన్యువల్‌లో 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పొయ్యాలి. "మన ఎండలకు చిక్కటి ఆయిల్ కావాలి సార్" అనే మాట ఆటోనగర్‌లో ఇప్పటికీ వినిపిస్తుంది. రెంటచింతలలో బయట 45 డిగ్రీలు ఉన్నా, చలికాలం అరకులో ఉన్నా, థర్మోస్టాట్ కూలెంట్ వేడిని 90 డిగ్రీల దగ్గరే ఉంచుతుంది. కొత్త ఇంజన్లలో ఆయిల్ దారులు సన్నవి. వాల్వ్ టైమింగ్ మార్చే యంత్రం కూడా ఆయిల్ ఒత్తిడి మీదే పనిచేస్తుంది. అందులో చిక్కటి 20డబ్ల్యూ-40 పోస్తే పొద్దున స్టార్ట్ చేసిన వెంటనే పైదాకా ఆయిల్ అందదు, మైలేజీ కూడా పడుతుంది. పాత అంబాసిడర్ కాలంలో నిజమైన మాట ఇప్పుడు చెల్లదు. మాన్యువల్‌లో రెండు మూడు గ్రేడులు ఇచ్చి ఉంటే వాటిలో ఏదైనా సరే.

కారణం వెతికే ఓపిక. స్కానర్‌లో లోపం కోడ్ చదవడం వేరు, కారణం కనుక్కోవడం వేరు. ఉదాహరణకు పీ0420 అనే కోడ్ వస్తే, కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదని ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అనుకుంటోందని అర్థం. కానీ సైలెన్సర్ పైపు జాయింటులో లీకు ఉన్నా, ఆక్సిజన్ సెన్సర్ ముసలిదైనా అదే కోడ్ రావచ్చు. కోడ్ చూడగానే "కన్వర్టర్ మార్చాలి" అనే చోట నేను బండి వదలను.

తీసిన భాగాలు చేతికివ్వడం. పాత ఫిల్టర్, పాత ప్లగ్గులు నాకు చూపించాలి. కన్వర్టర్ మార్చితే పాతది తప్పకుండా అడిగి తీసుకోండి. అందులోని లోహాలకు తుక్కు వ్యాపారులు మంచి డబ్బే ఇస్తారు.

రాతపని. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ ఆయిల్ పోశారో బిల్లు మీద ఉండాలి. రేపు బండి అమ్మేటప్పుడు ఇదే మీకు సాక్ష్యం.

డబ్బు లెక్క వీటి తర్వాత.

## షోరూం సర్వీసు

దీనికున్న అసలు బలం కంపెనీ స్కానర్, కంపెనీ సాఫ్ట్‌వేర్. ఈసీయూ అప్‌డేట్ వచ్చినా, కంపెనీ ఏదైనా భాగాన్ని ఉచితంగా మార్చిపెడుతున్నా ఆ పని ఇక్కడే జరుగుతుంది. వారంటీ ముగిసినవాళ్లు కూడా ఏడాదికోసారైనా ఫోన్ చేసి "నా ఛాసిస్ నంబర్ మీద పెండింగ్ పనులేమైనా ఉన్నాయా?" అని అడగాలి. అన్నట్టు, మామూలు వారంటీ అయిపోయినా ఎమిషన్ వారంటీ అని మాన్యువల్‌లో వేరే పేజీ ఉంటుంది. కన్వర్టర్, సెన్సర్ల మీద డబ్బు పెట్టే ముందు ఆ పేజీ చదవండి.

బలహీనత ఏమిటంటే, బండి అద్దం అవతలికి వెళ్లిపోతుంది. మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్ వేరు, పనిచేసే అబ్బాయి వేరు. మీరు చెప్పిన "రెండో గేర్‌లో చిన్న జర్క్" జాబ్ కార్డులో "జనరల్ చెక్" అయి కూర్చుంటుంది.

మా పెట్రోల్ కారు 30,000 కిలోమీటర్ల సర్వీసుకు నేను వెళ్లిన చోట ఎస్టిమేట్‌లో ఇంజన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఆయిల్‌లో కలిపే ఏదో డబ్బా, మొత్తం కలిపి మామూలు సర్వీసుకు సమానమైన ఖర్చు చూపించారు. నేను మాన్యువల్ తీసి 30,000 వరుస మీద వేలు పెట్టాను. "ఇందులో లేనివి ఎందుకు రాశారో ఒక్కొక్కటీ చెప్పండి" అన్నాను. బండికి పికప్ తగ్గిందా, మైలేజీ పడిందా, స్టార్టింగ్ ఇబ్బందా? ఏదీ లేదు. నాలుగూ కొట్టేశారు. ఆ రోజు బాధ అనిపించింది ఎస్టిమేట్ రాసిన కుర్రాణ్ని చూసి కాదు. నా వెనక నిలబడ్డ పెద్దాయన అవే నాలుగింటికీ సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పనులు ఎప్పుడూ అక్కర్లేదని నేను అనడం లేదు. థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే తుడవాల్సిందే. రోగం ఉన్నప్పుడే మందు.

## మల్టీబ్రాండ్ గ్యారేజీ

దీని గురించి ఒకే మాట చెప్పడం కష్టం, ఎందుకంటే ఒకే బోర్డు కింద రెండు గ్యారేజీలు రెండు రకాలుగా ఉంటాయి. బాష్ కార్ సర్వీస్ లాంటి గొలుసు పేర్లున్నా, పనితనం ఆ గ్యారేజీ యజమానిది. బండి ఇచ్చే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. మీ మోడల్‌కు లైవ్ డేటా, అంటే ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ల అంకెలు, చూపించే స్కానర్ ఉందా, లేక కోడ్ తుడిచే చిన్న పరికరమేనా? ఆయిల్ మీ ముందు డబ్బా తెరిచి పోస్తారా, డ్రమ్ము నుంచి పడతారా? డ్రమ్ము ఆయిల్ చెడ్డదేం కాదు. కాకపోతే ఆ డ్రమ్ములో ఉన్న గ్రేడే మీ బండికి కావాల్సిన గ్రేడా అన్నది అసలు విషయం.

ఇంటికొచ్చి బండి తీసుకెళ్లే యాప్ సర్వీసులైతే, బండి చివరికి ఏ షెడ్డుకు చేరుతుందో ముందే కనుక్కోండి.

## మన షెడ్డు

విజయవాడ జవహర్ ఆటోనగర్, గాజువాక ఆటోనగర్, హైదరాబాద్‌లో వనస్థలిపురం వైపున్న ఆటోనగర్. మన దగ్గర బండి పనికి ఉన్నంత చేతిపని జ్ఞానం చాలా చోట్ల దొరకదు. విడి భాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ ఉండనే ఉంది. వీటి మీద నాకు చాలా గౌరవం, అది ఉత్తినే రాలేదు.

నాలుగేళ్ల కిందట విజయవాడలో మా బండికి మిస్సింగ్ మొదలైంది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. నాలుగు ప్లగ్గులూ విప్పి, న్యూస్‌పేపర్ పరిచి, ఏ సిలిండర్‌ది ఆ వరుసలో పెట్టాడు. మూడు ప్లగ్గుల కొనలు లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి. మూడో సిలిండర్ ప్లగ్గు మాత్రం తడిగా, నల్లగా. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నాకిచ్చాడు. "చూడు బాబూ, పెట్రోల్ వాసన. ఆయిల్ వాసన కాదు. అంటే రింగులు బాగున్నాయి, నిప్పే పడటం లేదు." మూడో సిలిండర్ కాయిల్, అంటే ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది, తీసి రెండోదానికి వేశాడు. మిస్సింగ్ కూడా రెండోదానికి మారింది. ఒక్క కాయిల్, నాలుగు ప్లగ్గులు మార్చి గంటలో పంపించాడు. నా ముందే, నాకు అర్థమయ్యేలా పని జరిగింది. ఈ తృప్తి ఏ లాంజ్‌లో కాఫీ తాగుతూ కూర్చున్నా రాదు.

ఇక ఇబ్బందులు. మొదటిది ఆయిల్, పైన చెప్పాను. నకిలీ డబ్బాల బెడద కూడా ఉంది. నేను ఆయిల్, ఫిల్టర్ కంపెనీ డీలర్ దగ్గరో, ఆ కంపెనీ పెట్రోల్ బంకులోనో బిల్లుతో కొని తీసుకెళ్తాను. సీలు షెడ్డులోనే తీయిస్తాను. పని అయ్యాక డబ్బా మూత నేనే విరగ్గొడతాను, మళ్లీ ఎవరూ నింపి అమ్మకుండా.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. డీజిల్ బండి పొగ సమస్యతో వెళ్తే కొన్ని షెడ్లలో "ఈజీఆర్ మూసేద్దాం, డీపీఎఫ్ లోపలి దిమ్మ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేద్దాం, ఇక జన్మలో లైటు రాదు" అంటారు. ఈజీఆర్ అంటే పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు, డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే జల్లెడ. దయచేసి ఒప్పుకోకండి. చట్టం ఒప్పుకోదు. అంతకన్నా ముఖ్యం, ఆ మసి అంతా మన పిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడే వీధిలోకే వస్తుంది.

## ఏ పని ఎక్కడ

ఒకే చోటుకు కట్టుబడాలన్న నియమం లేదు. నేను పనిని బట్టి చోటు మారుస్తాను.

| పని | షోరూం | మల్టీబ్రాండ్ | షెడ్డు |
|---|---|---|---|
| ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ | సరే, ఎస్టిమేట్ చదవండి | సరే, గ్రేడు చూసుకోండి | సరే, ఆయిల్ మీరే తీసుకెళ్లండి |
| ఎయిర్ ఫిల్టర్ | అక్కర్లేదు | అక్కర్లేదు | ఇంట్లోనే మార్చుకోవచ్చు |
| ప్లగ్గులు, కాయిల్ | సరే | సరే | అనుభవమున్న మేస్త్రి అయితే ఇదే మంచిది |
| ఈజీఆర్ వాల్వ్ శుభ్రం చేయడం | ఖర్చు ఎక్కువ, మార్చమనే ఎక్కువగా చెబుతారు | మంచి ఎంపిక | చేయగలరు, మూయనివ్వకండి |
| ఆక్సిజన్ సెన్సర్, కన్వర్టర్ కోడ్లు | మంచిది | లైవ్ డేటా స్కానర్ ఉంటే మంచిది | పైపు లీకు వెతకడం వరకు |
| డీపీఎఫ్ ఫోర్స్‌డ్ రీజనరేషన్ (జల్లెడలోని మసిని స్కానర్‌తో బలవంతంగా కాల్పించడం) | మొదటి ఎంపిక | మీ మోడల్ సాఫ్ట్‌వేర్ ఉంటేనే | వద్దు |
| ఈసీయూ అప్‌డేట్ | ఇక్కడే | కుదరదు | కుదరదు |

టైమింగ్ బెల్ట్ ఉన్న బండి అయితే దాన్ని మాన్యువల్ చెప్పిన గడువు దాటనివ్వకండి. చాలా ఇంజన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. చైన్ ఉన్నవాళ్లకు ఈ గడువు బాధ లేదు.

## మీరు ఎవరో చూసుకోండి

సిటీలో రోజుకు పది కిలోమీటర్లు తిరిగే పెట్రోల్ కారు. ఏడాదికి నాలుగు వేలు కూడా తిరగలేదు కదా అని ఆయిల్ వదిలేయకండి. చిన్న దూరాల్లో ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ, కాలని పెట్రోల్ ఆయిల్‌లోనే ఉండిపోతాయి. చాలా పెట్రోల్ కార్లకు మాన్యువల్ "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది" అంటుంది. మీకు ఏడాదే ముందు వస్తుంది. మీకు మంచి షెడ్డు చాలు.

హైవే మీద తిరిగేవాళ్లు, సీఎన్‌జీ బండ్లు. హైవే బండి ఇంజన్ సుఖంగానే ఉంటుంది. కానీ పల్నాడులో సున్నపురాయి లారీల వెనక తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్ గడువు పుస్తకంలో ఉన్నంత రాదు. ప్రతి సర్వీసుకూ తీసి వెలుతురుకు పట్టి చూడండి, వెలుగు కనిపించకపోతే మార్చండి. సీఎన్‌జీలో ప్లగ్గుల మీద ఒత్తిడి ఎక్కువ, త్వరగా అరుగుతాయి. షెడ్డు లేదా మల్టీబ్రాండ్, సీఎన్‌జీ కిట్టు పని మాత్రం దానికి అనుమతి ఉన్న చోటే.

సిటీలో తిరిగే బీఎస్‌6 డీజిల్. అసలు ఆలోచించాల్సింది వీళ్లే. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్‌6 పొగ ప్రమాణాలు వచ్చాయి, డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది, డీజిల్ కార్లకు డీపీఎఫ్ వచ్చింది. అది మసిని పట్టి ఉంచే జల్లెడ. నిండినప్పుడు ఈసీయూ కొంచెం ఎక్కువ డీజిల్ కొట్టి, దాదాపు 600 డిగ్రీల వేడి పుట్టించి ఆ మసిని కాల్చేస్తుంది. దానికి పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా నడిచే రోడ్డు కావాలి.

మా బావగారిది కూకట్‌పల్లి. ఆఫీసు ఆరు కిలోమీటర్లు, అందులో సిగ్నళ్లే ఎక్కువ. బండి ఆపాక కూడా ఫ్యాను గట్టిగా తిరుగుతోందని, ఐడిలింగ్ కొంచెం పెరిగిందని రెండు మూడుసార్లు అన్నాడు. అవి జల్లెడ కాల్చుకునే పని మధ్యలో ఆగిపోతోందని చెప్పే గుర్తులు. ఒకరోజు నేను ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. ఎవరూ పొయ్యకుండా ఆయిల్ పెరగడమేమిటి? సగంలో ఆగిన ప్రతిసారీ కాలని డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలిసింది. ముట్టుకుంటే పలచగా, డీజిల్ వాసన. అలాంటి ఆయిల్‌తో ఇంజన్ బేరింగులు ఎక్కువ రోజులు బతకవు.

ఆయన షోరూంలో ఫోర్స్‌డ్ రీజనరేషన్ చేయించి, ఆయిల్ మార్పించాడు. అప్పటినుంచి వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడుపుతాడు. డీజిల్ వాసనైతే మళ్లీ రాలేదు. ఈ రకం వాళ్లు ఏడాదికోసారైనా షోరూంకో, మీ మోడల్ సాఫ్ట్‌వేర్ ఉన్న మల్టీబ్రాండ్‌కో వెళ్లాలి. ఆయిల్ కూడా డీపీఎఫ్ కోసం తయారైన తక్కువ బూడిద రకం, అంటే డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తుల్లో మాన్యువల్ చెప్పినదే ఉండాలి. మసి కాలిపోతుంది, ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, జల్లెడలో శాశ్వతంగా ఉండిపోతుంది. యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే ద్రవం) పోసే బండి అయితే దాన్ని పొరపాటున కూడా డీజిల్ ట్యాంకులో పడనివ్వకండి. పడితే స్టార్ట్ చేయకుండా టోయింగ్ పిలవండి.

కొత్తగా కొనబోయేవాళ్లకు ఒక మాట. రోజూ పది కిలోమీటర్ల సిటీ తిరుగుడైతే డీజిల్ వద్దు.

పదేళ్లు దాటిన బండి. షోరూంలో ఆ మోడల్ విప్పిన చెయ్యి ఇప్పుడు ఉండకపోవచ్చు. మంచి షెడ్డే మీకు షోరూం. ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ వచ్చింది కాబట్టి పాత పెట్రోల్ బండ్లలో రబ్బరు గొట్టాలు, ఫ్యూయల్ లైను జాయింట్లు ప్రతి సర్వీసుకూ చూడమనండి. బానెట్ కింద పెట్రోల్ వాసన వస్తే ఆ రోజే షెడ్డుకు తీసుకెళ్లండి.

సెకండ్ హ్యాండ్ కొన్నవాళ్లు. పాత యజమాని ఏ ఆయిల్ పోశాడో తెలియదు కాబట్టి మొదటివారంలోనే ఆయిల్, ఫిల్టర్లు మార్చి లెక్క సున్నా నుంచి మొదలుపెట్టండి. డీజిల్ అయితే డీపీఎఫ్ ఉందో తీసేశారో షోరూంలో ఒకసారి చూపించుకోండి.

## మీ చేతిలో ఉన్న మూడు పరీక్షలు

డిప్‌స్టిక్ చూడటం పదిహేను రోజులకోసారి చాలు, చదునైన చోట, బండి ఆపిన పది నిమిషాల తర్వాత. తగ్గడం మాత్రమే కాదు, పెరగడం కూడా రోగమే. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ పరికరం స్టీరింగ్ కింద సాకెట్‌కు పెట్టి కోడ్ చదువుకుంటే, మేస్త్రి దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లరు. కోడ్‌ను మీరే తుడిచేయకండి. అది తుడిస్తే ఆ క్షణంలో ఈసీయూ దాచిన వివరాలు కూడా పోతాయి.

మూడోది పొల్యూషన్ సర్టిఫికెట్. బీఎస్‌4, బీఎస్‌6 బండ్లకు ఏడాదికోసారి తీసుకోవాలి, లేకపోతే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం పదివేల దాకా జరిమానా. చాలామంది దీన్ని పోలీసు కోసం తీసుకుంటారు. అందులో అంకెలుంటాయని చూడరు. బీఎస్‌4 నుంచి పెట్రోల్ కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్ 200 పీపీఎం దాటకూడదు. మంచి బండికి ఈ అంకెలు హద్దు కంటే చాలా కిందే ఉంటాయి. పాత స్లిప్పులు పడేయకుండా పక్కపక్కన పెట్టి చూడండి. కార్బన్ మోనాక్సైడ్ ఏడాదికేడాది పాకుతుంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. ఆక్సిజన్ సెన్సర్‌ను అనుమానించాలి. హైడ్రోకార్బన్ ఒక్కసారిగా ఎగిరితే ప్లగ్గుల దగ్గర మొదలుపెట్టండి. రెండూ పెరుగుతుంటే కన్వర్టర్ అలిసిపోతోందేమో చూడాలి.

పైపులో గొట్టం పెట్టకుండానే నంబర్ ప్లేటు ఫొటో తీసి సర్టిఫికెట్ ఇచ్చే చోట్లు ఉన్నాయి. ఆ అంకెలు మీ బండివి కావు. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడు వెళ్లి, గొట్టం పెట్టి చూడమని అడగండి.

మా తమ్ముడిది 2021 పెట్రోల్ కారు, రోజుకు నలభై కిలోమీటర్లు, గుంటూరు నుంచి విజయవాడ వైపు. ఛాసిస్ నంబర్ చెప్పి షోరూంలో పెండింగ్ పని ఏదీ లేదని తేల్చుకున్నాడు. పోయిన శనివారం చిన్నాన్న చెప్పిన మేస్త్రి దగ్గరికే వెళ్లాడు, ఆయిల్ డబ్బా, ఫిల్టర్ సంచిలో పెట్టుకుని. ప్లగ్గులు విప్పించి ఫొటో తీసి నాకు పంపాడు. నాలుగూ లేత గోధుమరంగులో పొడిగా ఉన్నాయి.